డెబ్బై దాటిన అత్తయ్యకు ఆపరేషన్ ఎందుకంటారా?

ఈ వారం ఊరగాయల సంగతి కాస్త పక్కన పెడదామండీ. సత్తుపల్లి వైపు నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం చదివాక వేరే విషయం రాయబుద్ధి కాలేదు. వాళ్ల అత్తగారికి 72 ఏళ్లు. ఎడమ రొమ్ములో గోళీకాయంత గడ్డ. నొప్పి లేదు, సలుపు లేదు. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అని తేలింది. పెద్ద కొడుకేమో "ఈ వయసులో కోతలెందుకు, ఉన్నన్నాళ్లు ప్రశాంతంగా ఉండనిద్దాం" అంటున్నాడట. చిన్న కొడుకు "హైదరాబాదు తీసుకెళ్లి ఉన్న వైద్యమంతా చేయించాల్సిందే, లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు" అని పట్టుబడుతున్నాడట. "అక్కా, ఇద్దరిలో ఎవరిది సరైన మాట?" అని అడిగింది.

ఇద్దరిదీ కాదు తల్లీ. ఒకాయన వయసు అంకె చూశాడు. ఇంకొకాయన నలుగురి నోళ్లు చూశాడు. మంచం మీద కూర్చున్న మనిషిని ఇద్దరూ చూడలేదు. ఉత్తరం రెండుసార్లు తిరగేశాను, అత్తగారు ఏమంటున్నారో అందులో ఒక్క ముక్క లేదు.

నేను డాక్టర్ని కాను. ఇంటర్‌తో చదువు ఆపేసిన ఇల్లాలిని. కాకపోతే ఖమ్మంలో కాపురం ఉన్నందుకు భద్రాచలం, బూర్గంపాడు, ఇల్లెందు వైపు చుట్టాల్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా మా ఇంట్లో ఒక పూట ఆగి, పప్పూ అన్నం తిని, హైదరాబాదు బండెక్కుతారు. అలా కొందరు పెద్దవాళ్లకు తోడు వెళ్లి, డాక్టర్ల దగ్గర నోరు తెరిచి అడిగి తెలుసుకున్న సంగతులే ఇవి. మీ డాక్టరు మాటకు ఇది బదులు కాదు. ఆ డాక్టర్ని ఏం అడగాలో తెలియడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. 72 అనగానే మనకు మూలన కూర్చున్న ముసలమ్మ కళ్ల ముందు కనపడుతుంది. మా పెద్దమ్మకు 74. వైరా దగ్గర పల్లెటూరు. మిరప కోతల కాలంలో తెల్లారేసరికి చద్దన్నం మూట కట్టుకుని చేలో ఉంటుంది. అదే ఊళ్లో 66 ఏళ్ల ఆవిడ ఉంది, గుండె జబ్బు, షుగరు, కిడ్నీలు సగం పనిచేయవు, వాకిట్లోంచి వంటింటికి వెళ్లాలంటే మధ్యలో కూర్చోవాలి. వీళ్లిద్దరికీ ఒకటే వైద్యం చెప్పగలమా? మంచి డాక్టరు కార్డు మీద పుట్టిన సంవత్సరం చూసి ఊరుకోరు. నడక చూస్తారు, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడుగుతారు, వాడే మాత్రలన్నీ చూపించమంటారు, ఈమధ్య ఒళ్లు తగ్గిందా, మతిమరుపు ఉందా, పడిపోయిందా అని అడుగుతారు. ఒంటి వయసు వేరు, రేషన్ కార్డు వయసు వేరు.

"ముసలివాళ్లలో అది మెల్లగా పెరుగుతుంది, వదిలేసినా పర్లేదు" అనే మాట మీరూ వినే ఉంటారు. అందులో సగమే నిజం. పెద్ద వయసులో వచ్చే రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం హార్మోన్ల మీద ఆధారపడి పెరిగే రకం. వాటిలో చాలావరకు నెమ్మదిగానే నడుస్తాయి, మాత్రలకు లొంగుతాయి. అయితే అందరిదీ ఆ రకం కాదు. నెమ్మదిగా పెరిగేది కూడా ఆగిపోయి కూర్చోదు.

వదిలేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను. బూర్గంపాడు వైపు మాకు నాయనమ్మ వరసయ్యే ఆవిడ. గడ్డను ఎవరికీ చూపించకుండా రెండేళ్లు దాచింది. ఆకు పసరు కట్టింది, పసుపు అద్దింది. చివరికి అది చర్మం చీల్చుకుని పుండయింది. చీము, రక్తం, వాసన. మనవలు దగ్గరికి రావడం మానేశారు. ఎవరూ పొమ్మనలేదు, తనే మంచం తీసుకెళ్లి పశువుల కొట్టంలో వేసుకుంది. "ఉన్నన్నాళ్లు ప్రశాంతంగా" అంటారే, ఆ ప్రశాంతత ఇదన్నమాట. అప్పుడు తీసుకెళితే కూడా డాక్టర్లు "ఇంకేం లేదు" అనలేదు. రక్తం కారకుండా నాలుగు రోజులు కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. వాసనకు మెట్రోనిడజోల్ మందుతో పుండు శుభ్రం చేయించారు, నొప్పికి మాత్రలిచ్చారు. ఆవిడ మళ్లీ వసారాలో మంచం వేసుకుని, మనవల మధ్యనే ఆర్నెల్లకు పోయింది. జబ్బు నయం కాని దశలో కూడా చేసే వైద్యం ఉంటుంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే అని 1955 నుంచి ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. మీ జిల్లా ఆసుపత్రిలో కూడా అడగండి.

ఇక చిన్న కొడుకు మాట. ఉన్న వైద్యమంతా అంటే ఆపరేషను, కీమో, రేడియేషన్, మాత్రలు అన్నీ వరసగా. పెద్దవాళ్లకు అన్నీ అవసరం పడకపోవచ్చు, అన్నీ తట్టుకోలేకపోవచ్చు కూడా. కీమోలో కొన్ని మందులు గుండె మీద భారం వేస్తాయి, అందుకే ముందు ఎకో తీస్తారు. రక్తకణాలు పడిపోయి చిన్న జ్వరం పెద్దది కావచ్చు. కాబట్టి దానివల్ల వచ్చే లాభం ఎంత, ఈ మనిషికి ఎంత, అని అడగాలి. అసలు ఏ రకం గడ్డో తెలియకుండా ఏ నిర్ణయమూ చేయకూడదు. ముక్క పరీక్షలో క్యాన్సర్ ఉందో లేదో చెప్పడంతో సరిపోదండీ. ఈఆర్, పీఆర్, హెర్‌టూ అని మూడు పరీక్షలు ఉంటాయి. ఆ రిపోర్టు వచ్చిందా అని తప్పకుండా అడగండి. మాత్ర పనిచేస్తుందా లేదా అనేది మొదటి రెండిటిని బట్టే తెలుస్తుంది.

పూర్వం రొమ్ము క్యాన్సరంటే మొత్తం తీసేయడమే. 1970ల్లో ఇటలీలో మిలాన్ నగరంలోనూ, అమెరికాలోనూ కొంతమందికి మొత్తం తీసి, కొంతమందికి గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చి చూశారు. ఇరవై ఏళ్ల లెక్కలు 2002లో వచ్చాయి. తొలిదశలో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లు, మొత్తం తీసినవాళ్లతో సమానంగా బతికారు. అప్పట్నుంచీ ఎంచుకునే వీలొచ్చింది. మరి పెద్దవాళ్లకు ఆ మాట చెబుతున్నామా?

మాకు తెలిసిన రిటైర్డు టీచరుగారు ఒకరు ఉన్నారు, 69 ఏళ్లు. మొదట వెళ్లిన చోట "మొత్తం తీసేద్దాం" అని తేల్చేశారు. ఆవిడ "గడ్డ వరకే తీయడం కుదరదా" అని అడిగితే పక్కనున్న ఆడపడుచే "ఈ వయసులో ఇంకా దేనికి వదినా" అని నవ్విందట. ఆవిడకు ఆ నవ్వు గుచ్చుకుంది. "నా ఒళ్లు ఇప్పటికీ నాదే కదమ్మా" అన్నారు నాతో. ఇంకో డాక్టరు దగ్గర చూపించుకుని గడ్డ వరకే తీయించుకున్నారు. మా పెద్దమ్మ విషయం దీనికి తిరగబడింది. ఆవిడకు రెండు దారులూ చెప్పారు. "మొత్తం తీసేయండి సారూ, కరెంటు కోసం నన్ను పట్నం చుట్టూ తిప్పొద్దు" అని ఒక్కమాటలో తేల్చేసింది. కూతురు ఏడ్చింది గానీ పెద్దమ్మ చలించలేదు. ఇద్దరి నిర్ణయమూ సరైనదే. ఎందుకంటే ఇద్దరికీ రెండు దారులూ తెలుసు, ఎంచుకున్నదీ వాళ్లే.

పెద్దమ్మ భయం ఉట్టి భయం కాదు. భద్రాచలం నుంచి హైదరాబాదు 300 కిలోమీటర్ల పైమాటే. ఖమ్మం నుంచే 200 దాకా ఉంటుంది. భద్రాచలానికి రైలే లేదు, భద్రాచలం రోడ్డు అనే స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. చర్ల, దుమ్ముగూడెం లోపలి గూడేల్లో ఉన్నవాళ్లు అసలు బస్సు దాకా రావడానికే ఒక పూట పడుతుంది. రేడియేషన్ అంటే పెద్దగా నొప్పి ఉండదు, రోజూ కొన్ని నిమిషాల పని. ఆ కొన్ని నిమిషాల కోసం వారాల తరబడి పట్నంలో ఉండాలి, తోడు మనిషి పని మానుకోవాలి, గది అద్దె కట్టాలి. మన ప్రాంతంలో చాలామంది పెద్దవాళ్ల వైద్యాన్ని తేల్చేది జబ్బు కాదు, ఈ లెక్కే.

అందుకే ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. పూర్వం ఐదు వారాలు ఇచ్చే రేడియేషన్ తర్వాత మూడు వారాలకు తగ్గింది. 2020లో బ్రిటన్‌లో 4,096 మంది మీద చేసిన పరిశోధన ఫలితాల ప్రకారం, తగినవాళ్లకు ఒక్క వారంలో ఐదుసార్లు ఇచ్చినా మూడు వారాల వైద్యంతో సమానంగానే పనిచేసింది. కాబట్టి "ఎన్ని రోజులు?" అన్న ప్రశ్న తప్పక అడగాలి. "మేము ఖమ్మం అవతల నుంచి వస్తున్నాం, రోజులు తగ్గించే వీలుందా?" అని విడమరిచి అడగండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇంకొకటి. 65 దాటినవాళ్లు 1,326 మందిని పదేళ్లు గమనించి 2023లో ఫలితాలు ప్రకటించారు. గడ్డ చిన్నది, చంకలోకి పాకలేదు, హార్మోన్ల రకం, గడ్డ తీసేశారు, మాత్రలు వాడుతున్నారు. ఇలాంటివాళ్లలో సగం మందికి రేడియేషన్ ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లలో పదేళ్లలో నూటికి దాదాపు పదిమందికి అదే రొమ్ములో జబ్బు తిరిగొచ్చింది. ఇచ్చినవాళ్లలో నూటికి ఒకరికి. కానీ పదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు రెండు వైపులా నూటికి 81 మంది దాకా, సమానమే. అంటే కొందరు పెద్దవాళ్లు డాక్టరుతో మాట్లాడుకుని రేడియేషన్ లేకుండా కూడా గడపొచ్చన్నమాట. అయితే ఇది చిన్న గడ్డతో ముందుగా వచ్చినవాళ్ల సంగతి. మన దగ్గర నిమ్మకాయంత అయ్యాక గానీ కదలరు. పైగా మాత్ర ఐదేళ్లు రోజూ వేసుకునే మనిషై ఉండాలి. వారం వేసుకుని, బాగానే ఉంది కదా అని డబ్బాలో పడేసేవాళ్లకు ఈ లెక్క వర్తించదు.

ఆ మాత్రల గురించి రెండు ముక్కలు. టామాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి పేర్లు ఉంటాయి. రోజుకు ఒకటి, ధర కూడా మరీ అందనిది కాదు. ఆపరేషన్‌కు ఒళ్లు బొత్తిగా తట్టుకోదన్నవాళ్లకు, హార్మోన్ల రకమే అయితే, మాత్ర ఒక్కటే ఇచ్చి గడ్డను అదుపులో ఉంచే పద్ధతి కూడా ఉంది. ఆపరేషన్ తట్టుకోగలిగినవాళ్లకు మాత్రం గడ్డ తీయించడమే మేలు, మాత్ర ఒక్కదానితో అది కొన్నాళ్లకు మళ్లీ తలెత్తవచ్చు. మత్తు భయమా? చిన్న గడ్డను కొందరికి ఆ భాగం వరకే మొద్దుబార్చి కూడా తీస్తారు, అడగండి. టామాక్సిఫెన్ వాడేవాళ్లకు ముట్లుడిగిన తర్వాత మళ్లీ రక్తం కనబడినా, పిక్క వాచి నొప్పి పుట్టినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. లెట్రోజోల్ ఎముకలను పలచన చేస్తుంది, కీళ్లు పట్టేస్తాయి. ఆ నొప్పులకే విసిగి చాలామంది మానేస్తారు. మానేయకుండా డాక్టరుతో చెబితే మాత్ర మారుస్తారు.

డబ్బు సంగతికి వస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలయింది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చుంటారు, చీటీ రాయించుకునే ముందే వాళ్ల దగ్గరికి వెళ్లండి. 70 దాటినవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అని 2024 అక్టోబరులో కేంద్రం ఆయుష్మాన్ పథకంలో చేర్చింది, అది మీకు ఎలా వర్తిస్తుందో కూడా వాళ్లనే అడగండి. క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్లేవాళ్లకూ రైలు చార్జీలో రాయితీ ఉంది, ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి. మన తెలంగాణ ఆడవాళ్లకు రాష్ట్రం లోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టే లేదు.

చింతూరు, కూనవరం, వీఆర్‌పురం వైపు అక్కచెల్లెళ్లకు ఒక చిక్కుంది. 2014లో పోలవరం కోసం ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. దగ్గర ఊరు భద్రాచలమే, చుట్టాలంతా ఖమ్మంలోనే, కార్డు మాత్రం ఆ రాష్ట్రానిది. కాబట్టి బండెక్కే ముందు మీ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ఫోన్ చేసి కనుక్కోండి. ముసలావిణ్ణి అంత దూరం తీసుకెళ్లి, కౌంటరు దగ్గర వెనక్కి తిప్పించుకు రావడమంత నరకం ఇంకోటి లేదు.

ఇంతకీ అసలు మాట ఇంకా చెప్పలేదు. మన ఇళ్లలో పెద్దావిడకు క్యాన్సర్ అని తేలగానే మొదట చేసే పని ఆవిడకు చెప్పకుండా ఉండటం. కొడుకు డాక్టరు గదిలోకి ముందుగా దూరి "అమ్మకు తెలియనివ్వకండి సార్, తట్టుకోలేదు" అంటాడు. ప్రేమే, కాదనను. కానీ మొగుణ్ణి పోగొట్టుకుని, ముగ్గురు పిల్లల్ని పెంచి, పొలం నిలబెట్టిన మనిషి, గడ్డ అన్న మాటకు తట్టుకోలేదా? మా పెద్దమ్మకు వారం రోజులు చెప్పలేదు. అందరి గుసగుసలూ వింటూనే ఉంది. చివరికి ఒకరోజు అన్నాలు తినేటప్పుడు అంది: "నా రొమ్ము గురించి ఊరందర్నీ అడిగారు, నన్ను తప్ప." ఎవరికీ ముద్ద దిగలేదు.

చెప్పాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? ఎన్నాళ్లు బతుకుతాను అని కాదు. "కుడి చెయ్యి లేస్తుందా? మళ్లీ మిరపకాయలు కోయగలనా?" అని. అది మాకెవరికీ తట్టని ప్రశ్న. అది వినగానే డాక్టరుగారు చంకలో గ్రంథులన్నీ తీయకుండా, ముందు ఒకటి రెండు తీసి పరీక్షించి చూసే పద్ధతి ఉందని చెప్పారు. అన్నీ తీస్తే కొందరికి చెయ్యి వాచి బరువెక్కుతుంది. కూలిపని చేసుకునే మనిషికి, తునికాకు కోసే మనిషికి, కట్టెలు మోసే మనిషికి ఆ చెయ్యే జీవనం. ఆవిడ నోరు విప్పబట్టి ఆ మాట వచ్చింది. ఆపరేషన్ అయి మూడేళ్లయింది. మాత్ర వేసుకుంటోంది, ఎండాకాలం కల్లంలో మిరపకాయల తాలు ఏరుతోంది.

ఎవరైనా అన్నీ విని, అర్థం చేసుకుని "నాకొద్దు" అంటే? అంటే వద్దనే. 82 ఏళ్ల మా దూరపు చుట్టం ఒకావిడ అలాగే అంది. గుండె బలహీనం, నడవలేదు. మాత్ర ఒక్కటీ చాలంది. కొడుకులను ఒప్పించడానికి నెల పట్టింది. అయితే "నాకెందుకులేమ్మా, పోయే కాలం" అని మన పెద్దవాళ్లు అనగానే నిజంగా వద్దంటున్నారని అనుకోకండి. చాలాసార్లు ఆ మాటకు అర్థం "మీకు ఖర్చు పెట్టించలేను" అని. ఒంటరిగా కూర్చోబెట్టుకుని, "డబ్బు సంగతి మాకు వదిలెయ్ అత్తయ్యా, నీకేం కావాలో చెప్పు" అని అడగండి. జవాబు మారుతుందేమో చూడండి.

ఇంట్లో చూసుకునే సంగతులు మనకు తెలిసినవే. కీమో రోజుల్లో నోరు పూస్తుంది, ఆవకాయ, పండుమిరప పచ్చడి దూరం పెట్టండి, ఎంత ఖమ్మం మిర్చి మనిషైనా సరే. మెత్తగా ఉడికిన అన్నంలో పెసరకట్టు, బాగా ఉడికించిన గుడ్డు, పలచని రాగిజావ, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు. బయట కోసిన పండ్లు, పచ్చి కూరముక్కలు వద్దు. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి రేపు చూద్దామనుకోకుండా ఆ పూటే ఆసుపత్రికి ఫోన్ చేయండి. లెట్రోజోల్ వాడేవాళ్లకు రాగులు, నువ్వులు, పాలు, పొద్దుటి ఎండ, కాస్త నడక. ఆపరేషన్ అయిన వైపు చేతికి బిగుతు గాజులు వేయకండి, కత్తిగాటు, కాలిన గాయం కాకుండా చూడండి, డాక్టరు చెప్పిన వ్యాయామం మాత్రం మానిపించకండి. పాపం అని చెయ్యి కదలనివ్వకపోతే భుజం పట్టేస్తుంది.

ఒక మాట మన కోసం కూడా. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది ఆడవాళ్ల మీద ఒక పరిశోధన చేశారు. శిక్షణ పొందిన ఆడ ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేత్తో తడిమి రొమ్ములు పరీక్షించారు. అంతే, మిషన్లు లేవు. 2021లో వచ్చిన ఫలితాల్లో, 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు నూటికి దాదాపు ముప్పై వంతులు తగ్గాయి. మామోగ్రామ్ మన మండలానికి రాకపోయినా ఏఎన్ఎం వస్తుంది కదా. ఆవిడను మీకే కాదు, మీ అత్తగారికీ చూడమనండి. "ముట్లుడిగాక ఇంకేం జబ్బు" అని పెద్దవాళ్లు అనుకుంటారు. ఇది ఆ తర్వాతే ఎక్కువగా వెంటపడే జబ్బు.

సత్తుపల్లి చెల్లీ, నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు ఒక గుడ్డసంచీ సిద్ధం చేసుకో. పాత రిపోర్టులన్నీ తారీఖుల వరసన, అత్తగారు మింగే మాత్రలన్నీ అట్టలతో సహా, షుగరూ బీపీ చీటీలు, రేషన్ కార్డు, ఆధార్. అత్తగారి కళ్లజోడు మర్చిపోకు, చెవిమిషన్ ఉంటే అది కూడా. గదిలో కుర్చీ ఒక్కటే ఉంటే అది ఆవిడకు. కొడుకులిద్దరూ వెనక నిలబడతారు.